రాయే కదా అని పారేయకండి!

షిర్డీలో బాబా దర్శనం చేసుకుని, అట్నుంచటే అజంతా, ఎల్లోరాలు కూడా చూసి వచ్చేవాళ్లు మనలో చాలామందే ఉంటారు. గుహల దగ్గర బండి దిగామో లేదో, చేతిలో రాళ్లు పట్టుకుని చిన్న వ్యాపారులు చుట్టూ మూగుతారు. పైకి చూస్తే మట్టి అంటిన బంగాళాదుంపలా ఉంటుందా రాయి. రెండు చెక్కలుగా విడదీసి చూపిస్తే మాత్రం లోపల కలకండ పలుకుల్లాంటి స్ఫటికాలు మిలమిలలాడుతుంటాయి. బేరమాడి ఒకటి కొంటాం. ఇంటికొచ్చాక షోకేసులో బొమ్మల పక్కన పెడతాం. నాలుగు నెలలకి దానిమీద దుమ్ము, ఆ తర్వాత అటక!

కానీ అలాంటి రాళ్లనే స్టాంపుల్లా, నాణేల్లా పద్ధతిగా పోగుచేసి ప్రాణంగా చూసుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. నేలలో ఎలా పుట్టిందో అలాగే, సానపట్టకుండా, చెక్కకుండా ఉన్న స్ఫటికమే వాళ్లకి కావాలి. వాళ్లు వెతుక్కుంటూ వచ్చే రాళ్లలో మేలైనవి మన పక్క రాష్ట్రంలోనే దొరుకుతాయి. అమెరికాలోని టూసాన్‌లో 1955 నుంచి ఏటా జరిగే ఖనిజాల ప్రదర్శనకి వెళ్లినా మహారాష్ట్ర రాళ్లు కనిపిస్తాయి. మరి వాటి సంగతేమిటో మనమూ తెలుసుకుందామా?

వంటింట్లోనే ఉంది పాఠం

స్ఫటికం అనగానే పూజగదిలోని స్ఫటికమాల గుర్తొస్తుంది. అదొక్కటే స్ఫటికం కాదు. పోపులపెట్టె పక్కనున్న రాళ్లుప్పు తీసి భూతద్దంలో చూడండి. చాలా పలుకులు చదరంగా, చిన్న పెట్టెల్లా కనిపిస్తాయి. కలకండ, పటిక కూడా స్ఫటికాలే. ఒక పదార్థంలోని అణువులు వరస తప్పకుండా, ముగ్గులో చుక్కలు పెట్టినట్టు ఒకే లెక్కలో పేర్చుకుంటూ పోతే ఏర్పడేదే స్ఫటికం. లోపలి లెక్కని బట్టే పైరూపం. అందుకే ఉప్పు ఎక్కడ పుట్టినా పెట్టెలాగే ఉంటుంది. క్వార్ట్జ్ ఆరు పలకల పెన్సిల్‌లాగే పెరుగుతుంది.

పెరగడానికి జాగా, కావలసినంత సమయం దొరికితే ఇవి ఎంత పెద్దవవుతాయో తెలుసా? మెక్సికోలోని నైకా గనిలో 2000లో ఒక గుహ బయటపడింది. అందులోని జిప్సం స్ఫటికాలు కొన్ని పదకొండు మీటర్లకి పైగా పొడవున్నాయి. అంటే మూడంతస్తుల మేడంత! ఆ గుహలో వేడి దాదాపు 58 డిగ్రీలు. ప్రత్యేకమైన దుస్తులు లేకుండా మనిషి పది నిమిషాలు నిలబడటమే కష్టం.

లావా బుడగల్లో తోటలు

మహారాష్ట్రకి ఈ భాగ్యం ఎక్కడిదంటారా? సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కన్ ప్రాంతంలో నేల బీటలు వారి లావా పొంగింది. పొరమీద పొరగా పరుచుకుని నల్లరాయిగా గడ్డకట్టింది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయే. దీన్ని బసాల్ట్ అంటారు.

దోసె కాలేటప్పుడు కన్నాలు పడటం చూస్తూనే ఉంటాం కదా! లావా చల్లారేటప్పుడు అందులోని వాయువులు కూడా అలాగే బుడగలు వదిలిపోయాయి. కొన్ని శనగగింజంత, కొన్ని మనిషి దూరగలిగినంత. తర్వాత లక్షలు, కోట్ల ఏళ్లపాటు ఆ రాతిలోంచి వేడినీరు ఊరి, తనలో కరిగిన కాల్షియం, సిలికా లాంటివాటిని ఆ బోలు గదుల గోడలమీద వదిలింది. అలా చీకట్లో, ఎవరి కంటా పడకుండా స్ఫటికాల తోటలు పెరిగాయి.

వాటి అందం చెప్పనలవి కాదు. జలగావ్ వైపు దొరికే అపోఫిలైట్ అచ్చం మంచుగడ్డలా ఉంటుంది. పుణే దగ్గర లేతాకుపచ్చ రంగులోనూ దొరికింది. స్టిల్‌బైట్‌ది పీచ్‌పండు రంగు. నడుముకి తాడు కట్టిన గోధుమ పనలా రెండు వైపులా విచ్చుకుని ఉంటుంది. నాసిక్ వైపు స్కోలిసైట్ తెల్లని సూదుల కట్ట. ఓకెనైట్ అయితే దూదిపింజే! చూస్తే చేత్తో నిమరాలనిపిస్తుంది కానీ నిమిరితే ఆ దారాలు అణిగిపోయి మళ్లీ లేవవు.

వీటన్నిటిలో రాణి కావన్‌సైట్. నెమలికంఠం రంగులో బంతుల్లా ఉంటుంది. దీన్ని మొదట 1967లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో కనుక్కున్నారు. అక్కడ దొరికినవి చిన్నవే. 1980ల చివర్లో పుణే పక్కనున్న వాఘోలీ రాతి క్వారీల్లో మేలురకం బయటపడటంతో సేకర్తల చూపంతా ఇటు తిరిగింది. కాల్షియం, వెనేడియం, సిలికేట్ అనే మూడు మాటల్లోని అక్షరాలు కలిపి దానికా పేరు పెట్టారు.

స్టిల్‌బైట్, స్కోలిసైట్‌లు జియోలైట్ల కుటుంబానివి. ఆ మాటకి అర్థం ‘మరిగే రాయి’. 1756లో స్వీడన్‌కి చెందిన క్రోన్‌స్టెట్ ఇలాంటి రాయిని వేడిచేస్తే, లోపలి నీరు ఆవిరై నురగలు కక్కిందట. అందుకే ఆ పేరు. ఫ్యాక్టరీల్లో తయారయ్యే వీటి చుట్టాలే మనం బట్టలుతికే పౌడర్లలో ఉప్పునీటి గడుసుదనం తగ్గించడానికి కలుస్తున్నాయి!

కొండను తొలిచిన ఇల్లాలు

ఈ రాళ్ల కథలో ఒక ఆడమనిషి గురించి తప్పక చెప్పుకోవాలి. బొంబాయి నుంచి పుణేకి రైలు వెయ్యాలంటే భోర్ ఘాట్ కొండల్ని తొలవాలి. ఆ కాంట్రాక్టు తీసుకుని 1859లో ఇంగ్లండు నుంచి వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ కొద్దివారాలకే జబ్బుచేసి చనిపోయారు. భార్య ఆలిస్ ఓడెక్కి తిరిగి వెళ్లిపోలేదు. కాంట్రాక్టు తన చేతిలోకి తీసుకున్నారు. అనుభవమున్న ఇంజనీర్లని పెట్టుకుని పని నడిపించారు. 1863లో ఘాట్ మీద రైలు నడిచింది. ఆ పనుల ఫొటోలు కూడా ఆవిడే తీశారు. ఆ తవ్వకాల్లో బయటపడిన స్ఫటికాలు బ్రిటన్ మ్యూజియాలకి చేరి, దక్కన్ రాళ్ల పేరు నలుగురికీ తెలియజేశాయి. అదే కొండ తొలిచే పనిలో కలరా లాంటి రోగాలకీ, ప్రమాదాలకీ బలైపోయిన వేలాదిమంది కూలీల పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

కంకరయ్యేలోగా...

ఇప్పటికీ స్ఫటికాల కోసమని ఎవరూ ప్రత్యేకంగా కొండలు తవ్వరు. రోడ్లకీ, ఇళ్లకీ కంకర కావాలి కాబట్టి క్వారీలో పేలుస్తారు. బావి తవ్వుతుంటే రాయి పగులుతుంది. ఆ పగిలినచోట బోలుగది ఉంటే, చూసే కళ్లున్న మనిషి అక్కడ ఉంటే, స్ఫటికం దక్కుతుంది. లేకపోతే అరగంటలో క్రషర్‌లో పడి కంకరలో కలిసిపోతుంది. కోట్ల ఏళ్లు పట్టిన పని ఒక్క రోజులో పిండైపోతుందన్నమాట.

అందుకే సేకరణని ఉత్త షోకు అని కొట్టిపారెయ్యలేం. కొనేవాళ్లుంటారని తెలిస్తే కూలీ సమ్మెట ఒక్క నిమిషం ఆపుతాడు. గడ్డిలో, కాగితాల్లో చుట్టి పక్కన పెడతాడు. అయితే రాయి తీసినవాడికి దక్కేది తక్కువ, చేతులు మారేకొద్దీ ధర ఎక్కువ. ఈ వ్యాపారంలో ఉన్న చేదునిజం ఇది. వీలైతే తవ్వినచోటికి దగ్గరగా ఉన్నవాళ్ల దగ్గరే కొనండి. గీచిగీచి బేరమాడకండి. ఎండలో, దుమ్ములో, పేలుళ్ల మధ్య పనిచేసే ఆ కుటుంబాల్లో ఆడవాళ్లూ ఉంటారు.

చూసొద్దామా?

కొనకపోయినా చూస్తే చాలనుకునేవాళ్లకి నాసిక్ నుంచి షిర్డీ వెళ్లే దారిలో సిన్నర్‌లో ‘గార్గోటీ’ మ్యూజియం ఉంది. నౌకాదళంలో పనిచేసిన కె.సి.పాండే తన సేకరణతో 2001లో దీన్ని ఏర్పాటుచేశారు. గార్గోటీ అంటే మరాఠీలో గులకరాయి. ఈసారి షిర్డీ ప్రయాణంలో ఒక పూట ఇక్కడికి కేటాయించండి. పిల్లలు పుస్తకంలో చదివినది కళ్లారా చూస్తారు. మంచి స్ఫటికమంటే ఏమిటో మీ కంటికీ అలవాటవుతుంది. ఏ సేకరణకైనా ముందు కన్ను కుదరాలి, తర్వాతే పర్సు తియ్యాలి!

మన నేలమీదా ఉన్నాయి

రాళ్ల విషయంలో మనమేం తీసిపోలేదు. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో కనిపించే నల్లరాయి ఆ లావా కాలానిదే. ఉమ్మడి కడప జిల్లా మంగంపేటలో ముగ్గురాయి అని పిలిచే బెరైటీస్ ప్రపంచంలోని అతిపెద్ద నిక్షేపాల్లో ఒకటి. నెల్లూరు జిల్లా గూడూరు పేరు ఒకప్పుడు అభ్రకంతో దేశదేశాల్లో మారుమోగింది. అభ్రకం గడ్డని పుస్తకంలా పేజీలు పేజీలుగా విడదీయొచ్చు. చీమకుర్తి నల్ల గ్రానైట్ మీ వంటింటి గట్టుమీద ఉందా? అయితే దానిలో బంగారు చుక్కల్లా మెరిసేవి ఏమిటో తెలుసా? బ్రాంజైట్ అనే ఖనిజం స్ఫటికాలే.

ఇక తొలకరి పడగానే వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో పిల్లాజెల్లాతో వజ్రాలు వెతికే జనం సంగతి ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. అక్కడ వెతికేది డబ్బు కోసం. దొరికిన వజ్రం సానకి వెళ్లిపోతుంది. సేకర్త అయితే రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టుండే దాని పుట్టుక ఆకారాన్నే ముచ్చటపడి దాచుకుంటారు.

మంచి నమూనా ఎలా ఉండాలి?

* కొసలు విరగకూడదు. పెద్దదైనా కొస విరిగినదానికంటే చిన్నదైనా నిండుగా ఉన్నదే మేలు. భూతద్దంతో అంచులన్నీ చూడండి.
* మెరుపు, రంగు ఎంత స్వచ్ఛంగా ఉంటే అంత విలువ.
* పుట్టిన రాతిముక్కమీదే నిలబడి ఉంటే మరీ మంచిది. నల్లరాయిమీద ఆకుపచ్చ అపోఫిలైట్, పక్కన పీచ్‌రంగు స్టిల్‌బైట్ ఉన్నాయనుకోండి, పూలగుత్తే!
* ఏ ఊళ్లో, ఏ క్వారీలో దొరికిందో అడిగి రాయించుకోండి. చిరునామా లేని రాయికి శాస్త్రం దృష్టిలోనూ, బజారులోనూ విలువ తగ్గిపోతుంది.
* ఇల్లు చిన్నదని దిగులు వద్దు. అంగుళం పెట్టెలో పట్టేవాటిని ‘థంబ్‌నెయిల్’ అంటారు. వాటితోనే మంచి మంచి సేకరణలు చేసినవాళ్లున్నారు. ఒక్క సొరుగు చాలు.

మోసపోకండి

గిరాకీ ఉన్నచోట నకిలీ ఉండనే ఉంటుంది. గులాబీ, ముదురు నీలం, చిలకపచ్చ రంగుల్లో కళ్లు చెదిరేలా ఉన్న బోలురాళ్లకి చాలావరకు రంగు వేసే ఉంటారు. తెల్లని ఓకెనైట్ దూదిపింజెలకీ అద్దకం తప్పలేదు. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే గోళ్లరంగు తుడిచే ద్రవంలో దూది ముంచి వెనకవైపు మూలన రుద్దండి. రంగు అంటిందా, పెట్టేసి వచ్చేయండి.

పసుపు సిట్రిన్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువభాగం ఊదారంగు అమెథిస్ట్‌ని కాల్చి మార్చినవే. చెప్పి అమ్మితే తప్పులేదు, చెప్పకపోతేనే మోసం. ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే క్వార్ట్జ్‌కి పైన లోహపు పూత పూస్తారు. ఊడిన స్ఫటికాన్ని వేరే రాతిమీద జిగురుతో అతికించడం ఇంకో విద్య. దొంగనోట్లు చూసే యూవీ టార్చి వేస్తే చాలా జిగుర్లు తెల్లగా మెరిసి పట్టిస్తాయి. ‘చెర్రీ క్వార్ట్జ్’ అనేది చాలాసార్లు ఉత్త గాజే. లోపల గుండ్రని గాలిబుడగలున్నాయేమో చూడండి.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్షలూ ఉన్నాయి. క్వార్ట్జ్ గాజుమీద గీత పెడుతుంది, కాల్సైట్ పెట్టలేదు. తేటగా ఉన్న కాల్సైట్ పలకని పేపరుమీద పెట్టి చూస్తే అక్షరాలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. జిప్సం గోటితోనే గీరుకుపోతుంది. ఈ పరీక్షలు పనికిరాని ముక్కలమీదే సుమా, మంచి నమూనామీద కాదు.

ఇంకోమాట. ఈ రాయి దగ్గరుంటే నిద్ర పడుతుంది, ఆ రాయి తలగడ కింద పెడితే థైరాయిడ్ తగ్గుతుంది అని చెప్పి పదింతల ధరకి అమ్ముతారు. రాయి అందానికి కొనండి. జబ్బుకి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మంచినీళ్ల సీసాలో రాళ్లు వేసుకుని తాగడం అసలే వద్దు. కొన్ని ఖనిజాల్లో విషమే ఉంటుంది. వెండిలా మెరిసే గెలీనాలో సీసం, ఎర్రని సినబార్‌లో పాదరసం, పసుపుపచ్చని ఆర్పిమెంట్‌లో ఆర్సెనిక్ ఉంటాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో ఇలాంటివి వద్దేవద్దు.

దాచుకోవడమూ ఒక కళే

* ఇత్తడి సామానుకి మెరుపు తెచ్చే చింతపండు, నిమ్మచెక్క, వెనిగర్ కాల్సైట్‌కి శత్రువులు. పులుపు తగిలితే అది కరిగి మెరుపు పోతుంది.
* జియోలైట్లనీ, అపోఫిలైట్‌నీ మరిగే నీళ్లలో వెయ్యకండి. గోరువెచ్చని నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు. ఉప్పుజాతి రాళ్లకి అసలు నీళ్లే తగలకూడదు.
* ఓకెనైట్, స్కోలిసైట్‌లాంటి సూదిరకాలని తుడవకండి. గాజుమూత ఉన్న పెట్టెలో పెడితే దుమ్మే పడదు.
* అమెథిస్ట్‌ని ఎండపడే కిటికీలో ఉంచితే రంగు వెలిసిపోతుంది.
* పాత గాజులపెట్టెలు, నగల డబ్బాలు, కోడిగుడ్ల అట్టలు దూదివేసి వాడుకోవచ్చు.
* ప్రతి రాయికీ ఒక నంబరు. నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా పేరు, ఊరు, కొన్న తేదీ, ధర రాసుకోండి.

సొంతంగా ఏరుకోవాలనుకుంటే యజమాని అనుమతి లేకుండా క్వారీలోకి అడుగుపెట్టకండి. పేలుళ్ల సమయంలో ఆ చుట్టుపక్కలే ఉండకండి. పగలని అంచుల కింద నిలబడకండి. అభయారణ్యాల్లో, పురాతన కట్టడాల దగ్గర గులకరాయి కూడా తియ్యకూడదు.

రాళ్లతో మొదలై నోబెల్ దాకా

‘ఆడపిల్లకి రాళ్లతో పనేమిటి?’ అని ఎవరైనా అంటే డొరొతీ హాడ్జ్‌కిన్ పేరు చెప్పండి. పదేళ్ల వయసులోనే ఆమెకి స్ఫటికాల మీద మనసు పడింది. సూడాన్‌లో అమ్మానాన్నల దగ్గరున్నప్పుడు తోటలోని కాలవలో నల్లగా మెరిసే పదార్థం దొరికితే, ఇంటికి తెలిసిన రసాయన శాస్త్రవేత్త సాయంతో పరీక్షించి అది ఇల్మెనైట్ అని తేల్చింది. ఆ పిల్లే పెద్దయ్యాక పెన్సిలిన్, బి12 విటమిన్‌ల స్ఫటికాలపై ఎక్స్‌రేలు పంపి వాటి లోపలి నిర్మాణం కనిపెట్టింది. 1964లో రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకుంది. మరో స్ఫటిక శాస్త్రవేత్త కాథ్లీన్ లాన్స్‌డేల్ 1945లో లండన్ రాయల్ సొసైటీకి ఎన్నికైన తొలి ఇద్దరు మహిళల్లో ఒకరు. వజ్రానికి దగ్గరి చుట్టమైన ఒక ఖనిజానికి ‘లాన్స్‌డేలైట్’ అని ఆమె పేరే పెట్టారు. మేరీ క్యూరీ పుట్టింటిపేరు మీద ‘స్క్లొడోవ్‌స్కైట్’ కూడా ఉంది.

డబ్బు దండగ అంటారా?

చీరలకి, నగలకి లేని లెక్క రాళ్లకెందుకు అనొచ్చు. అయినా లెక్క ఉండటమే మంచిది. వందల్లో దొరికే రాయి ఉంది, లక్షలు పలికేదీ ఉంది. నెలకి ఇంత అని ఒక మొత్తం పక్కన పెట్టుకోండి. బంగారంలా అవసరానికి తాకట్టు పెట్టుకోవచ్చనే ఆశతో మాత్రం కొనకండి. వీటిని తిరిగి అమ్మడం అంత సులువు కాదు. పది నాసిరకాలకంటే ఒక్క మంచిది మేలు. మొదటి ఏడాది ఐదే ఐదు రకాలు పెట్టుకోండి: క్వార్ట్జ్, కాల్సైట్, అపోఫిలైట్, స్టిల్‌బైట్, ఘనాకారంలో బంగారంలా మెరిసే పైరైట్. ఈ ఐదింటినీ చూడగానే గుర్తుపట్టగలిగితే తర్వాతది ఏం కొనాలో మీకే తెలుస్తుంది.

ఇంట్లోనే పటిక స్ఫటికం

సెలవుల్లో పిల్లలతో చేయించండి. గాజులా తేటగా ఉన్న పటికని పొడికొట్టండి. గ్లాసుడు వేడినీళ్లలో, ఇక కరగదు అనేదాకా వేసి కలపండి. వడగట్టి, పైన కాగితం కప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున అడుగున చిన్న పలుకులుంటాయి. వాటిలో చక్కని ఆకారం ఉన్నదాన్ని సన్నని నైలాన్ దారానికి కట్టండి. మళ్లీ అలాగే పటికనీళ్లు తయారుచేసి, బాగా చల్లారాక, ఒక పుల్లకి ఆ దారం కట్టి అందులో వేలాడదీయండి. నీళ్లు వేడిగా ఉంటే ఉన్న పలుకు కూడా కరిగిపోతుంది, జాగ్రత్త. వారం, రెండు వారాల్లో ఎనిమిది ముఖాల స్ఫటికం పెరుగుతుంది. తీసి మెత్తని బట్టతో అద్ది, రంగులేని గోళ్లపాలిష్ పూస్తే మసకబారదు. గ్లాసుమీద ‘తాగకూడదు’ అని చీటీ అతికించడం మర్చిపోకండి.